మెంబర్లకు మార్కులు వేసినాయన

తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మొన్న ఏదో పనిమీద అటు పోతూ, సగం పడగొట్టిన ఒక గోడ ముందు ఆగిపోయాను. లోపలి గదులు అప్పటికే లేవు. వీధివైపు గోడ మాత్రం మిగిలింది. దానిమీద నల్లరంగు పూసిన ఒక చదరం, అందులో తెల్లరంగుతో గీసిన నిలువు గీతలు. సుద్దముక్కతో రాసిన అంకెలు ఏనాడో చెరిగిపోయాయి. గీతల పైన రంగుతో రాసిన మూడు మాటలు మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. చెయ్యి, నోరు, ఇల్లు.

ఆ గోడ ఒక ప్రింటింగ్ ప్రెస్సుది. ఆ ప్రెస్సు యజమాని గురించే ఈ నాలుగు మాటలు. ఆయన పేరు రాయను. ఆయన కూడా తన పేరును ఆ గోడమీద ఎక్కడా రాసుకోలేదు. ఊళ్లో అందరూ మార్కులాయన అనేవాళ్లు. మా జిల్లా శాసనసభ్యులకు సభ ముగిసినప్పుడల్లా ఆయన మార్కులు వేసి, ఆ బోర్డు మీద రాసిపెట్టేవాడు.

పొట్టి మనిషి. ఎంత ఎండాకాలమైనా పంచె మీద నల్లకోటు. ఆ కోటు కుడి జేబు సుద్దపొడితో తెల్లగా, ఎడమ జేబు ముక్కుపొడితో గోధుమరంగుగా ఉండేవి. ఎవరైనా ఎదురుపడితే ముందు పలకరించడు. కళ్లద్దాలు కిందికి దించి, ప్రూఫు దిద్దేటప్పుడు చూసినట్టు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసేవాడు. ఆ తర్వాతే మాట. మొదటిసారి నన్ను అట్లా చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మా ఇంటివాళ్లను అట్లా చూసినవాళ్లు అంతకుముందు లేరు.

ఎన్నికలు వస్తే అన్ని పార్టీలవాళ్లూ తమ ప్రణాళికలు ఆయన దగ్గరే అచ్చు వేయించుకునేవాళ్లు. ప్రూఫులు ఆయనే చూసేవాడు. ఒక్కో పుస్తకం నాలుగైదుసార్లు చదవక తప్పేది కాదు. అచ్చేసిన పాపానికి అన్నీ కంఠతా వచ్చేసినాయని చెప్పేవాడు. రాసినవాళ్లకు గుర్తులేదు, గెలిచినవాళ్లకు గుర్తులేదు, అచ్చేసినవాడికి మాత్రం గుర్తుండిపోయింది. మార్కుల పని అట్లా మొదలైంది.

ఆయన పద్ధతి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఏ పార్టీ మంచిదో ఆయన చెప్పడు. అది అడిగితే కోపం. నీ పార్టీ పుస్తకం ప్రకారం నువ్వు నడుచుకున్నావా లేదా, అంతే ఆయన లెక్క. మూడు పేపర్లు. సభలో ఏ బిల్లుకు చెయ్యెత్తినావన్నది చెయ్యి పేపరు. ఏం మాట్లాడినావన్నది నోరు పేపరు. ఇంటికొచ్చి ఎట్లా బతుకుతున్నావన్నది ఇల్లు పేపరు. ఒక్కొక్కదానికి నూరు మార్కులు, పాసు కావాలంటే ముప్పయ్యైదు. ఒక పేపరు తప్పితే మొత్తం తప్పినట్టే.

మొదటి రెండు పేపర్లకు ఆయనకు పత్రికలు చాలు. మూడోదానికి మనుషులు కావాలి. బస్సు కండక్టర్లు, నగరి నుంచి చీరల మూటలతో వచ్చే నేతవాళ్లు, పులికాట్ వైపునుంచి ఎండుచేపలు తెచ్చే ఆడవాళ్లు, అందరూ ప్రెస్సు అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవాళ్లే. ఆయన ఏమీ అడిగేవాడు కాదు. మంచినీళ్లు ఇచ్చేవాడు. వాళ్లే చెప్పేవాళ్లు.

చేనేత గురించి సభలో కన్నీళ్లు పెట్టుకున్న ఒక మెంబరుకు నోటిలో తొంభై వేసి, ఇంటిలో సున్న పెట్టాడు. ఆ మెంబరు కూతురి పెళ్లిలో మగవాళ్లంతా టెర్లిన్ చొక్కాలే వేసుకున్నారని నగరి నేతవాళ్లు చెప్పిపోయారు.

గుండు సంగతి ఇంకా పెద్దది. దేవుడు లేడని పుస్తకంలో రాసుకున్న పార్టీ మెంబరు ఒకాయన, ఒకరోజు తలకు గుడ్డ చుట్టుకుని బజారులో కనబడ్డాడు. గుడ్డ కింద తిరుమల గుండు. ఇంటి పేపరు పోయింది. ఆ మెంబరు నేరుగా ప్రెస్సుకే వచ్చి, మొక్కు తనది కాదనీ, తన అత్తదనీ, ఆమె మంచంలో ఉంటే కాదనలేకపోయాననీ చెప్పుకున్నాడు. మార్కులాయన అంతా ఓపికగా విన్నాడు.

"మొక్కు మీ అత్తది. సరే మెంబరుగారూ. తల ఎవురిది?"

బజారు బజారంతా కొన్నాళ్లు ఆ మాట చెప్పుకుని నవ్వింది. ఇందులో నవ్వవలసింది ఇంకోటి ఉంది. మార్కులాయన ప్రతి శనివారం కొండకు నడిచి ఎక్కేవాడు. నుదుటిమీద నామం లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. దేవుడి దగ్గరికి పోయినందుకు మార్కులు కోసిన చేతులతోనే ఆ దేవుడికి దండం పెట్టేవాడు. అదేమని నేనొకసారి అడిగితే, ఆ పుస్తకంలో నేను సంతకం పెట్టలేదు గదప్పా అన్నాడు.

మార్కులు తగ్గినవాళ్ల మనుషులు బేరానికి వచ్చేవాళ్లు. గ్రేసు మార్కులన్నా వెయ్యమని బతిమాలేవాళ్లు. ఆయన దూలానికి కట్టిన పురికొసకు వేలాడుతున్న పుస్తకాల్లో వాళ్లది వెతికి తీసి చేతికిచ్చి, మీ ఆయన చేసిన పనికి ఇందులో ఒక్క వాక్యం చూపించండి, వేస్తానని చెప్పేవాడు. వచ్చినవాళ్లు కాసేపు పేజీలు తిప్పి, పుస్తకం అక్కడే పెట్టి వెళ్లిపోయేవాళ్లు. బెదిరించడానికి వచ్చినవాళ్లకూ అదే పుస్తకం.

సభ మొదలయ్యే ముందు ఆయన రేణిగుంటకు పోయేవాడు. జిల్లా మెంబర్లంతా హైదరాబాదు రైలు అక్కడే ఎక్కుతారు. నల్లకోటాయన పుస్తకాల కట్ట చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఒక్కో పెట్టె దగ్గరా ఆగి, ఎవరి పార్టీ పుస్తకం వాళ్లకు కిటికీలోంచి అందించేవాడు. "మర్సిపోయింటారేమో అని తెచ్చినా మెంబరుగారూ." ఏ పార్టీవాడైనా, చిన్నవాడైనా పెద్దవాడైనా ఆయనకు మెంబరుగారే. కొందరు నవ్వి తీసుకునేవాళ్లు. కొందరు నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాళ్లు.

మా నాయన మాత్రం తీసుకునేవాడు కాదు. చూపు పక్కకు తిప్పకుండా కూర్చునేవాడు. మా గుమాస్తా మునిరత్నం చెయ్యి చాపి అందుకునేవాడు.

మా నాయన శాసనసభ్యుడు. మాది ఒకప్పుడు పాళెగాళ్ల ఇల్లు. నాకు బుద్ధి తెలిసేనాటికి కోట లేదు, గుర్రాలు లేవు, భూములు మాత్రం ఉన్నాయి. నడుం వంచని అలవాటు ఉంది. ఆ ఇంట్లో పుట్టి మా నాయన, దున్నేవాడికే భూమి అని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్న పార్టీలో ఎందుకు చేరాడని చుట్టాలు అడిగేవాళ్లు. ఆ మాట నిజమని నమ్మి చేరాడు. నమ్మకపోతే ఆయన ఏదీ చెయ్యడు.

బజారులో సుద్దముక్క పట్టుకున్నవాడు మనకు మార్కులు వేసేదేమిటని మా నాయన అనేవాడు. అయినా సభ ముగిసిన వారంలో మునిరత్నానికి తిరుపతిలో ఏదో ఒక పని పడేది. మునిరత్నం తిరిగొచ్చి వసారాలో స్తంభం పక్కన నిలబడి, ఎవరితోనూ కాదన్నట్టు, ఈతూరీ ఫస్టు క్లాసే అనేవాడు. మా నాయన పత్రికలోంచి తల ఎత్తేవాడు కాదు. పేజీ తిప్పేవాడు. ఆ పూట మాత్రం రెండో లోటా కాఫీ అడిగి తాగేవాడు.

డెబ్బైల్లో, ఒక్కో కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదని భూపరిమితి చట్టం వచ్చింది. మా నాయన సభలో లేచి దాని తరఫున మాట్లాడాడు, చెయ్యెత్తాడు. తన భూమి పోయే చట్టానికి తనే చెయ్యెత్తిన మనిషని పత్రికలవాళ్లు ఫోటో వేశారు.

ఇంటికొచ్చాక మునిరత్నం కాగితాలు తెచ్చాడు. జిల్లా అంతా చేస్తున్న పనే. చట్టం కంటే ముందే అమ్మేసినట్టు పాత తేదీలతో రాసిన కాగితాలు. కొన్నవాళ్లుగా ఊరూపేరూ లేని ఎవరెవరివో పేర్లు. పేర్లు చదవొద్దని మా నాయన ముందే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ముఖం కిటికీవైపు తిప్పుకుని వరసగా సంతకాలు పెట్టాడు. నేనూ ఏమీ అనలేదు. ఆ రోజుల్లో అది తప్పని మా వర్గంలో ఎవరికీ తోచలేదు. ఇల్లు నిలబెట్టుకోవడం అనేవాళ్లు దాన్ని.

మునిరత్నం తెలివి అంతటితో ఆగలేదు. కాగితంలో పేరున్నవాడు రేపు భూమి నాదేనని అడ్డం తిరిగితే ఎట్లా అన్నది అందరికీ ఉన్న భయం. చచ్చినా ఆ పని చెయ్యని మనిషి ఎవరా అని ఆలోచించాడు. తిరుపతిలో అట్లాంటివాడు ఒక్కడే ఉన్నాడు. సత్యవేడు దారిలో ఉన్న మా మెట్టచేను ఒకటి, మార్కులాయనకే చెప్పకుండా మార్కులాయన పేరున రాసేశాడు. అధికారులు విచారణకు వస్తే తిరుపతి ప్రెస్సాయనదే ఈ చేను అని చెప్పమని, దాన్ని గుత్తకు చేసే రైతుకు నేర్పాడు.

ఆ రైతు మంచివాడు. చెప్పింది చెప్పినట్టు నమ్మాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. శెనక్కాయ పెరికితే మొదటి గంప భూమిగల వాళ్ల ఇంటికి పోవాలి. ఏటా మా ఇంటికి వచ్చే గంప ఆ ఏడు రాలేదు. రైతు దాన్ని తలమీద పెట్టుకుని సత్యవేడు బస్సెక్కి, దారి అడుక్కుంటూ తిరుపతి ప్రెస్సుకు పోయాడు. గంప దించి, కొత్త యజమాని కాళ్లకు దండం పెట్టాడు.

ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. మాకు తెలిసింది బోర్డు. ఆసారి తిరుపతి నుంచి వచ్చిన మునిరత్నం స్తంభం దగ్గర నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు. మా నాయన చివరికి పత్రిక దించి ఏమైందని అడిగాడు. అందరికీ మార్కులున్నాయనీ, మన వరసలో మాత్రం ఏమీ లేదనీ, మూడు గళ్లూ ఖాళీ అనీ చెప్పాడు.

తప్పినట్టు రాసి ఉంటే మా నాయన నవ్వేసి ఊరుకునేవాడేమో. ఖాళీని ఓర్చుకోలేకపోయాడు. టెర్లిన్ చొక్కాలవాడికీ, గుండు కొట్టించుకున్నవాడికీ మార్కులున్న చోట తనకు లెక్కే లేకపోవడం ఆయనకు అన్నం సహించనివ్వలేదు. బజారులో ఏవేవో మాటలు పుట్టాయి. పార్టీ మారుతున్నాడని కొందరు, మార్కులాయనను కొనేశాడని కొందరు. మా ఇంటిమీద ఎన్నో నిందలు వచ్చి ఉండవచ్చు, కొన్నారన్న నింద మాత్రం అంతకుముందు రాలేదు. ఒక ఉదయం కారు తియ్యమన్నాడు. నన్నూ, మునిరత్నాన్నీ ఎక్కమన్నాడు.

ప్రెస్సులో మిషను ఆడుతోంది. మమ్మల్ని చూసి మార్కులాయన దాన్ని ఆపించి, మా నాయనకు స్టూలు వేశాడు. మా నాయన కూర్చోలేదు.

"నా మార్కులు యాడప్పా?"

"వెయ్యలేదు మెంబరుగారూ."

"తప్పింటే తప్పినాడని రాయి. ఖాళీగా ఎందుకు ఇడిసినావు?"

మార్కులాయన కళ్లద్దాలు దించలేదు. ఆ రోజు మా నాయనను పైనుంచి కిందికి చూడలేదు. మిషను పక్కకు పోయి, గోడవార ఉన్న గంపను కాలితో కాకుండా వంగి రెండు చేతులతో ముందుకు జరిపాడు. పైన కప్పిన గుడ్డ అట్లాగే ఉంది. లోపల మట్టితో ఉన్న శెనక్కాయలు.

"ఈ కాయలు మన చేనివంట. నేనూ మీ ఆస్తిలో ఒగ తుంటనంట. పరీచ్చ రాసేవోడితో చేరుకోనిండేవోడు పేపరు ఎట్లా దిద్దుతాడు మెంబరుగారూ?"

మా నాయన గంపను చూశాడు, మునిరత్నాన్ని చూశాడు. మునిరత్నం అప్పటికే గుమ్మం బయట ఉన్నాడు. మార్కులాయన గొంతు ఇంకా తగ్గించాడు.

"ఇది మీకు తెలుసునా తెలీదా అని నేనడగను. అడిగితే మీరు అబద్ధం చెప్పరు. చెప్పినాక నేను దాన్ని బోర్డుమీద రాయాల."

తెలియదని ఒక్క మాట చెప్పి మా నాయన బయటికి వచ్చేయవచ్చు. అది అబద్ధం కూడా కాదు. మార్కులాయన పేరు ఆ కాగితాల్లో ఉన్నట్టు ఆయనకు నిజంగానే తెలియదు. తప్పంతా గుమాస్తామీదికి పోయేది, ఇల్లు నిలబడేది. నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

"పేర్లు తెలీదు," అన్నాడు మా నాయన. "పని తెలుసు."

అని వంగాడు. ఆ వంగడం నేను చూడటం అదే మొదలు. గంప ఎత్తి భుజాన పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. కారు వీధి చివర ఉంది. మునిరత్నం ఉరికి వచ్చి చేతులు చాపితే, వద్దన్నట్టు తల ఊపాడు. నేను అడుగు ముందుకు వేస్తే నన్నూ అట్లాగే చూశాడు. బజారులో మనుషులు అంగళ్లలోంచి లేచి నిలబడ్డారు. తెల్లని చొక్కా భుజంమీద ఎర్రమట్టి కారుతుంటే, నడుం నిలువుగా పెట్టుకుని ఆ వీధి చివరిదాకా నడిచాడు.

తర్వాత చిత్తూరులో భూముల విచారణకు వకీలును పంపకుండా తనే పోయాడు. ఒక అధికారి ముందు నిలబడి జవాబు చెప్పినవాడు మా వంశంలో మా నాయనే మొదటివాడు. మునిరత్నం ఒక్కో పేరూ చదువుతుంటే, అది నాదే, అదీ నాదే అని చెబుతూ పోయాడు. మార్కులాయన కూడా నల్లకోటు దులిపి తొడుక్కుని వచ్చాడు. తనకు ప్రెస్సు తప్ప ఎక్కడా సెంటు భూమి లేదని చెప్పి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఏడు మా జిల్లాలో అట్లా వచ్చి చెప్పిన మెంబర్లు ఇంకెవరైనా ఉన్నారా అన్నది నేను రాయను. బోర్డు చూసినవాళ్లకు తెలుసు.

భూములు పోయాక మా ఇంట్లోంచి ఇంకా ఏమేమి పోయాయో కూడా రాయను. అది మా ఇంటి సంగతి.

విచారణ ముగిసిన మర్నాడు మా నాయన వరసలో మార్కులు వచ్చాయని విని, ఈసారి మునిరత్నాన్ని పంపకుండా నేనే పోయాను. చెయ్యి తొంభై అయిదు. నోరు తొంభై. ఇల్లు ముప్పయ్యైదు.

నేను ప్రెస్సులోకి పోయి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగాను. ఉన్నదంతా ఇచ్చేసిన మనిషికి ఇంతేనా అన్నాను. గొంతు కొంచెం లేచే ఉంటుంది. మార్కులాయన నన్ను మామూలుగానే, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"అడక్కముందే రాసింటే నూటికి నూరు వేసిందును నాయనా. విచారణలో అడిగినంక చెప్పిన జవాబుకు పాసు మార్కులే."

"మా ఇల్లు పోయింది మీ మార్కులకు."

"ఇల్లు పోలేదబ్బా," అన్నాడు ఆయన, సుద్దపొడి చేతులు కోటుకు తుడుచుకుంటూ. "భూమి పోయినాది. ఇల్లు పాసయినాది."

ఇంటికొచ్చి మార్కులు చెప్పాను, ఆ మొదటి జవాబు కూడా చెప్పాను. రెండోది చెప్పబుద్ధి కాలేదు. మా నాయన పత్రిక చదువుతున్నాడు. సరిగ్గానే దిద్దినాడు అన్నాడు. పేజీ తిప్పాడు. కాసేపటికి మా అమ్మను పిలిచి ఇంకో లోటా కాఫీ అడిగాడు.

తర్వాతి సభకు రేణిగుంటలో నేనే ఆయన్ను రైలెక్కించాను. కారు లేదు, బస్సులో పోయాం. నల్లకోటాయన వరసగా పెట్టెలు దాటుకుంటూ వచ్చి మా కిటికీ దగ్గర ఆగాడు. "మర్సిపోయింటారేమో అని," అన్నాడు. మా నాయన తన చెయ్యి తనే బయటికి చాపి పుస్తకం అందుకున్నాడు. రైలు కదిలేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో పార్టీవాళ్లు మా నాయనకు మళ్లీ టికెట్టు ఇవ్వలేదు. ఆయన అడగలేదు కూడా.

మార్కులాయన ఇంకొన్నేళ్లు బోర్డు రాశాడు. ఎనభైల్లో ఆపేశాడు. బెదిరింపులకు కాదు, వయసుకూ కాదు. ఒకసారి ప్రెస్సుకు పోతే పురికొస కింద స్టూలు వేసుకుని, పుస్తకాలు ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పొద్దున ఒక పార్టీలో ఉన్న మెంబరు మధ్యాహ్నానికి ఇంకో పార్టీలో ఉంటున్నాడనీ, యే పుస్తకం పట్టుకోని దిద్దేదనీ నన్నే అడిగాడు. ఆయన నన్ను సలహా అడగడం అదొక్కసారే. మా నాయన అప్పటికి లేడు. ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు.

ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చూడటానికి పోలేకపోయాను. ప్రెస్సు మూతపడింది, మిషను ఎవరో కొనుక్కుపోయారు. గోడ మాత్రం ఇన్నాళ్లూ ఉంది.

మొన్న ఆ గోడ ముందు నేను చాలాసేపే నిలబడి ఉంటాను. గడ్డపారలు పట్టుకున్న మనుషులు పని ఆపి నన్ను చూడసాగారు. వాళ్ల మేస్త్రీ దగ్గరికి వచ్చి, ఏం సార్, ఇది మీ గోడా అని అడిగాడు. కాదన్నాను. మరి యాల నిలబడుకున్నారన్నాడు. మా నాయన మార్కులు ఇక్కడ ఉండేవని చెప్పాను. అతను ఆ నల్లరంగు చదరాన్ని చూసి, ఇక్కడ బడి ఉండేదనుకున్నట్టున్నాడు.

"పాసయినాడా సార్?"

"పాసయినాడు," అన్నాను. "ముప్పయ్యైదు."

అతనికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆ అంకె చెప్పేటప్పుడు నా నడుం దానంతట అదే నిలువుగా అయింది. ఇక కానిమ్మని చెప్పి పక్కకు జరిగాను.